ఎడమ పక్క రెండక్షరాల జాగా

సెప్టెంబరు 29, ఆదివారం

ఈ పుస్తకం నా భార్య ప్రేమమణిది. సమాధి రాయి చెక్కమని ఎవరైనా వస్తే, వాళ్ళు తెచ్చిన కాగితం చూసి ఇందులో పెద్ద పెద్ద అక్షరాలతో దించేది. పేరు, పుట్టింది, పోయింది, కింద ఇంగ్లీషు మాట. నేను దాన్ని రాయి పక్కన పెట్టుకుని చెక్కేవాణ్ణి. నలభై ఆరేళ్ళు అంతే. ఆమె ఎనిమిదో తరగతి, నేను మూడు. తెలుగైతే కూడబలుక్కుని చదువుతాను, ఇట్లా రాస్తాను. ఇంగ్లీషు రాదు. ఆ ఇరవై ఆరు అక్షరాలూ నా చేతికి తెలుసు, నాకు తెలియవు.

వెనక చాలా కాగితాలు ఖాళీగా ఉన్నాయి. పారేయడమెందుకని రాస్తున్నాను. ఎవరూ చదవడానికి కాదు.

ఆర్డరు.
పేరు: ప్రేమమణి.
పుట్టింది: 1955 జూన్. తారీఖు ఆమెకే తెలియదు.
పోయింది: 2023 నవంబరు 19.
మాట: కూతురు ఫెయిత్ రాసి తెస్తానంది.

వచ్చే నవంబరు 19కి ఏడాది. ఆ రోజు సమాధుల తోటలో జ్ఞాపకార్థ కూడిక. పాస్టరు శాంతికుమార్ ప్రార్థన చేస్తాడు, కూతురు రాయి మీది గుడ్డ తీస్తుంది. ఊరందరి రాళ్ళూ చెక్కినోడి భార్యకు ఏడాదైనా రాయి లేదని చర్చిలో గుసగుసలు. సుత్తె మోతకు నా చెవులు పోయాయని వాళ్ళ ధైర్యం. నాకు కావలసినవి వినపడతాయి. ఇన్నాళ్ళూ మంచి రాయి దొరకలేదు, అంతే.

సెప్టెంబరు 30

రాయి దొరికింది. నల్లరాయి, జంట పలక. ఎడమ సగం ఆమెకు. కుడి సగం ఖాళీ, నా వంతు వచ్చినప్పుడు.

అక్టోబరు 6, ఆదివారం

చర్చి అయ్యాక ఫెయిత్ ఇంటికొచ్చింది. యాప్రాల్‌లో ఉంటుంది, బడిలో ఇంగ్లీషు టీచరు. నా కూతురే గానీ మాట్లాడితే నాకూ హోంవర్కు ఇచ్చేట్టే ఉంటుంది. కాగితం తెచ్చింది. బిలవ్డ్ వైఫ్ ఆఫ్ పేతురు.

నేను జానతో కొలిచాను. సగం పలకలో వరుస ఇరుకవుతుంది.

"లవింగ్ అని కొడ్త. ఒక అక్షరం తక్కువ, అండ్ల ఒకటి సన్నది. మంచిగ కూసుంటది. రెండూ ఒకటే గద" అన్నాను.

"ఒకటి కాదు నాయినా."

"యాభై ఏండ్ల సంది కొడ్తున్న. నాకు చెప్తున్నవా?"

"కొట్టుడు వేరే, చదువుడు వేరే." మంచం మీద కూర్చుని బడిలో చెప్పినట్టే చెప్పింది. "లవింగ్ వైఫ్ అంటే, ప్రేమించిన భార్య. ఆమె ప్రేమించింది. బిలవ్డ్ అంటే, ఆమెను ప్రేమించిన్రు. ఎవరు ప్రేమించిన్రు? రాయి పెట్టినోళ్ళు. అంటే నువ్వు. ఒకటి అమ్మ సంగతి, ఇంకొకటి నీ సంగతి."

ఇన్నేళ్ళు చెక్కిన మాటలో నా సంగతి ఒకటి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

"అయితే లవింగే కొడ్త. అది నిజం. ఆమె మంచిగ చూసుకున్నది."

"మరి ఇంకోటి?"

"రాతి మీద అబద్ధం చెక్క."

నేను మొహమాటం లేకుండా ఉన్నది చెప్పాను. నలభై ఆరేళ్ళలో ఆ మాట ఎప్పుడూ అనలేదు. కూర బాగుందని కూడా అనలేదు. ఇప్పుడు ఆమె చదవలేనప్పుడు చెక్కితే అది దొంగతనం కాదా?

ఫెయిత్ మొహం నల్లబడింది. "అమ్మ పదకొండు రోజులు దవాఖానల ఉండె. మొదటి రోజు వచ్చినవు, ఆఖరి రోజు వచ్చినవు. నడుమ తొమ్మిది రోజులు ఏమాయె నాయినా?"

"పనుండె."

"పనా! ఆఖరి రోజు ఇంటికొచ్చి చూస్తే బుట్టనిండ బత్తాయిలు. అమ్మకు ఆడ గొంతుల నీళ్ళు దిగలే. నువ్వు ఈడ పండ్లు తెచ్చుకుని పెట్టుకున్నవు."

"పనుండె అన్నగద."

ఆమె సంచీ తీసుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "లవింగ్ అని చెక్కితే నేను గుడ్డ తియ్య. వేరే ఎవరితోనన్నా తీపించుకో. నేను రాను సుత" అంది.

పప్పు వండి పెట్టాను, తినకుండానే పోయింది. తర్వాత తిని చూశాను. ఉప్పు ఎక్కువైంది. తినకపోవడమే మంచిదైంది.

అక్టోబరు 7

పని ఉంది. ఇవాళ నిజంగానే ఉంది.

అక్టోబరు 9

పేరు చెక్కాను. ఇంగ్లీషులో తొమ్మిది అక్షరాలు, అందులో రెండు ఎమ్‌లు. ఎమ్ కష్టం. నాలుగు గీతలూ ఒకటే లోతు రావాలి. వచ్చాయి. ఈ మధ్య యంత్రం మీద చెక్కించుకుంటున్నారు జనం. యంత్రానికి ఎమ్ అయినా ఒకటే, ఐ అయినా ఒకటే. దానికి చెమట పట్టదు.

ఆమె పేరు నోటితో పలికింది తక్కువ. పిలవాలంటే ఓయ్ అనేవాణ్ణి. వచ్చేది గదా.

అక్టోబరు 12

ఎల్, ఓ, వి. మూడక్షరాలు చెక్కాను. రెండిట్లో ఏ మాట కొట్టినా ఈ మూడూ ఉంటాయి. ఎడమ పక్క రెండక్షరాల జాగా వదిలాను. లవింగ్ అయితే ఆ జాగాలో చిన్న పువ్వు చెక్కొచ్చు. ఎవరికీ తెలియదు.

లవింగే. నేను మాట మార్చేవాణ్ణి కాను.

అక్టోబరు 13

ఏమీ చెక్కలేదు.

అక్టోబరు 14

ఏమీ చెక్కలేదు. మబ్బు పట్టింది, షెడ్డులో వెలుతురు లేదు.

అక్టోబరు 15

ఎండ బాగా కాసింది. ఏమీ చెక్కలేదు.

అక్టోబరు 18

ఒక సంగతి మూడు రోజులుగా గుచ్చుతోంది. రాసి పారేస్తాను.

కాగితంలో ఉన్న మాట రాయికి సరిపోకపోతే నేను మార్చేవాణ్ణి. వెడల్పు రాయైతే బిలవ్డ్, ఇరుకు రాయైతే లవింగ్. అంచున పెళుసు ఉంటే లవింగ్. రెండూ ప్రేమ మాటలే, రెండూ అందంగా ఉంటాయి, ఎవరు అడుగుతారు? బట్టల కొట్టులో అద్దకం మారినా కొలత సరిపోతే చాలనుకున్నట్టు.

ప్రేమమణి ఒకసారి అంది. ఒకసారి కాదు, చాలాసార్లు అంది. "అయ్యా, అవి రెండూ ఒకటి గావంట. కాగితంల ఉన్నదే కొట్టరాదు?"

"నీ పని రాసుడు. నా పని కొట్టుడు. నోరు మూసుకో."

మూసుకునేది.

ఇవాళ సమాధుల తోటకు పోయాను. రాళ్ళ మధ్య తిరిగాను. నేను చెక్కిన మాట ఇది, మరి కాగితంలో ఏముండేదో అనుకుంటూ. వందల మంది పడుకున్నారు, ఎవరి మీద ఎవరి మాట ఉందో నాకే తెలియదు. పదకొండు రాళ్ళు చూసి ఆపేశాను. నతానియేల్ రాయి దగ్గర ఆగిపోయాను. అది గుర్తుంది. రైల్వే గార్డు. ఎడమ అంచున రాయి పెళుసు, అందుకని లవింగ్ కొట్టాను. ఆయన భార్య రాజ్యం, దవాఖానలో నర్సు, రాయి చూసి షెడ్డుకు వచ్చింది. నేను రాసింది ఇది కాదండీ అంది. "రెండూ ఒకటేనమ్మా, నాకు ఇంగ్లీషు నేర్పుతవా?" అన్నాను. పక్కన ఇద్దరు నవ్వారు. ఆమె వెనక్కి తిరిగి పోయింది.

ఇంటికొచ్చి పెట్టెలో పాత పుస్తకాలు తీశాను. 2004. ప్రేమమణి చేతిరాత. బిలవ్డ్ హస్బెండ్. దాని కింద రెండు గీతలు. పక్కన తెలుగులో: "ఈ మాట మార్చొద్దని రాజ్యం గారు మరీ మరీ చెప్పారు. మార్చొద్దు."

అక్టోబరు 21

రాజ్యం ఉందో పోయిందో. పోయి ఉంటే రాయి నా దగ్గరికే వచ్చేది.

అక్టోబరు 24

పోవాలా? నేనెందుకు పోవాలి? ఇరవై ఏళ్ళయింది.

అక్టోబరు 26, శనివారం

చిలకలగూడ పోయి వచ్చాను. ఉలి, సుత్తె సంచీలో పెట్టుకునే పోయాను. ఉత్త చేతులతో పోతే మాట్లాడడం నాకు రాదు.

స్టేషను వెనక సందులో కింది వాటా. రాజ్యం మనిషి సగమైంది. అయినా తలుపు తీయగానే గుర్తు పట్టింది. గుంటూరు వైపు మనిషి, ఆ యాస ఇంకా పోలేదు.

"రండి పేతురు గారూ. రాంగోపాల్‌పేట నుంచి చిలకలగూడ రావడానికి ఇరవై ఏళ్ళు పట్టిందా? బస్సు దొరకలేదా?"

"నతానియేల్ గారి రాయి మీద మాట మార్చిన. తప్పయింది. రాయి ముఖం అరగదీసి మళ్ళ కొడ్త. నువ్వు రాసిందే కొడ్త."

ఈ తప్పయింది అనే మాట నోట్లోంచి తేలిగ్గానే వచ్చింది. ఆశ్చర్యం.

"కూర్చోండి ముందు. ఆ సంచీ కింద పెట్టండి, నన్ను చెక్కేట్టున్నారు." టీ పెట్టింది. చేతులు వణుకుతున్నా టీ ఒలకలేదు. నర్సు చేతులు.

"మీ ఆవిడ పోయిందని చర్చిలో విన్నాను. మంచి మనిషి. ఆ రోజు నేను మీ షెడ్డు నుంచి వెళ్తుంటే సందు చివరిదాకా వెంట వచ్చింది. మా ఆయన మొండివాడమ్మా, నన్ను క్షమించు అంది. మీ బదులు."

ఇది నాకు తెలియదు. నాకెప్పుడూ చెప్పలేదు.

"చెప్తే తిడతారని చెప్పి ఉండదు" అంది రాజ్యం, నేను అడగకుండానే. తర్వాత చెప్పింది. "మొదటి అయిదేళ్ళు మిమ్మల్ని తిట్టుకున్నానండీ. నేను రాసింది నా సంగతి. నేను ఆయన్ని ప్రేమించాను, తాగొచ్చినా ప్రేమించాను, అది నిజం. మీరు చెక్కింది ఆయన సంగతి. ఆయన ప్రేమించాడట! తిన్నావా అని ఒక్కనాడు అడిగిన మనిషి కాదు. ఏటా పూలు పెట్టడానికి వెళ్ళి ఆ మాట చదివి, అబద్ధాలకోరు రాయి అనుకుని వచ్చేదాన్ని."

"అందుకేగదా, కొడ్త అంటున్న."

"ఆగండి. మీకు తొందరెక్కువ. ఆరో ఏడో ఏడు, ఆ మాట చదువుతుంటే నీళ్ళు గుర్తొచ్చాయి."

"ఏం నీళ్ళు?"

"వేణ్ణీళ్ళు. నైట్ డ్యూటీ చేసి పొద్దున ఇంటికొస్తే బాయిలరులో నీళ్ళు కాగి ఉండేవి. ఏళ్ళ తరబడి. నేను స్నానం చేసి పడుకునేదాన్ని. ఎవరు కాచారు? ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఆయన నోరు తెరిచి చెప్పలేదు, నేను అడగలేదు. నీళ్ళు వాటంతటవే కాగుతాయనుకున్నానేమో." నవ్వింది. "ఆ మాట అక్కడ లేకపోతే నేను వెతికేదాన్ని కాదు పేతురు గారూ. మీరు తప్పే చేశారు. మీ పొగరు మీదే. కానీ ఆ రాయి జోలికి మాత్రం వెళ్ళకండి."

నేను టీ తాగాను. ఆమె నా వైపు చూస్తూనే ఉంది. నర్సుల చూపు, ఎక్కడ నొప్పో అడగకుండా కనుక్కునే చూపు.

"ఇంతకీ మీ ఆవిడ రాయి మీద ఏం చెక్కుతున్నారు?"

ఆమెకు ఒక సంగతి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఇక్కడ రాయను.

విని, "గేటు దాకా వెళ్ళిన మనిషికి లోపలికి వెళ్ళడానికి కాళ్ళు రాలేదా? మంచి మగాడివయ్యా!" అంది. మీరు పోయి నువ్వు అయింది. నాకు కోపం రాలేదు. "నాకు కాదు, నీ కూతురికి చెప్పు."

అక్టోబరు 27

చెప్పలేదు.

నవంబరు 3, ఆదివారం

చర్చిలో ఫెయిత్ రెండు వరుసల ముందు కూర్చుంది. వెనక్కి తిరగలేదు. తల్లిలా జడ వేసుకుంది.

నవంబరు 9, శనివారం

నిరుడు ఇదే రోజు ఆమెను దవాఖానలో చేర్చాం. రాస్తాను. ఈ పుస్తకంలో ఇన్నేళ్ళూ ఇతరుల మాటలే ఉన్నాయి, ఒకటి నాది ఉంటే ఏం పోయింది.

పని లేదు. ఆ తొమ్మిది రోజులూ నాకు ఒక్క రాయి పని కూడా లేదు.

మొదటి రోజు పోయాను. ముక్కుకు గొట్టం పెట్టారు. నన్ను చూసి "తిన్నవా?" అంది. ఎప్పుడూ అదే అడుగుతుంది. నేను జవాబు చెప్పలేదు. ఎందుకంటే నా చెయ్యి కదులుతోంది. దుప్పటి మీద నా బొటనవేలు, చూపుడువేలు కొలుస్తున్నాయి. పుట్టిన తారీఖు పక్కన రెండో తారీఖుకు ఎంత జాగా కావాలో.

నా దగ్గరికి మనుషులు రెండో తారీఖు పడ్డాకే వస్తారు. ఒకటే తారీఖున్న మనిషి పక్కన కూర్చోవడం నాకు రాలేదు. యాభై ఏళ్ళుగా చేతికి ఒకటే అలవాటు. ఆమె బతికి నన్ను చూస్తుంటే నా చెయ్యి ఆ పని చేసింది. చెయ్యి జేబులో పెట్టుకుని బయటికొచ్చాను.

మర్నాడు మళ్ళీ పోయాను. గేటు ఎదురుగా చాయ్ హోటలు ఉంది. పొద్దున పోయి కూర్చుంటే దవాఖానలో చూడ్డానికి వదిలే టైము అయిపోయేదాకా అక్కడే. బత్తాయిలంటే ఆమెకు ఇష్టం. రోజూ రెండు కొనేవాణ్ణి. ఇవాళ లోపలికి పోయి ఇస్తా అనుకునేవాణ్ణి. చెయ్యి గుర్తొచ్చేది. సాయంత్రం ఆ రెండూ తెచ్చి బుట్టలో వేసేవాణ్ణి.

పనుండె అని ఫెయిత్‌కు చెప్పాను. అదే మాట నాకు కూడా చెప్పుకుంటూ వచ్చాను.

ఇంతే సంగతి.

నవంబరు 11

రెండక్షరాలు చెక్కాను. ఎడమ పక్క, వదిలిన జాగాలో. బి, ఈ.

ఇరుకైంది. బి కాస్త అంచుకు పోయింది. యంత్రమైతే ఇట్లా చేయదు.

నవంబరు 13

తక్కినవి కూడా అయ్యాయి. వైఫ్ ఆఫ్ పేతురు. ఉలి తుడిచి పెట్టాను.

నవంబరు 17, ఆదివారం

ఫెయిత్ ఫోను చేసింది. "ఏం కొట్టినవు?"

"గుడ్డ తీసి చూసుకో."

"ముందే చెప్పు నాయినా, నన్ను పరేషాన్ చెయ్యకు."

"వస్తే తెలుస్తది. రాకుంటే పాస్టరు తీస్తడు."

పెట్టేసింది. నేను ఇంకొంచెం మెత్తగా చెప్పొచ్చు. మెత్తగా చెప్పేది ప్రేమమణి పని.

నవంబరు 19, మంగళవారం

వచ్చింది. బడికి సెలవు పెట్టి వచ్చింది. రాజ్యం కూడా వచ్చింది, కర్ర ఊతంతో. శాంతికుమార్ పాస్టరు పెద్ద ప్రార్థనే చేశాడు. ఆమేన్ అన్నాక అందరూ ఫెయిత్ వైపు చూశారు. ఫెయిత్ గుడ్డ పట్టుకుని ఒక నిమిషం నిలబడి, లాగింది.

చదివింది. వేలు పెట్టి ఒక్కో అక్షరం తడిమింది. బి దగ్గర వేలు ఆగింది.

నా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా, "రాతి మీద అబద్ధం చెక్కనంటివి గదా" అంది.

"చెక్కలే."

ఏమీ అర్థం కానట్టు చూసింది. రాజ్యం కర్రతో నా కాలిమీద పొడిచింది. గట్టిగానే పొడిచింది.

"ఆ బత్తాయిలు" అన్నాను. "నేను తిననీకి తెచ్చుకున్నయి కావు. రోజుకు రెండు. గేటు ముంగట చాయ్ హోటల్ల కూసుండేటోణ్ణి. లోపలికి రాలేకపోయిన బిడ్డా."

ఫెయిత్ పెదవులు కదిలాయి. రెండు తొమ్ముల పద్ధెనిమిది అని లెక్క వేసుకుందేమో. టీచరు గదా. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అట్లాగే అంది:

"అమ్మ మంచం కిటికీ పక్కనే ఉండె నాయినా. రోజూ పొద్దున నన్ను అటు దిక్కు తిప్పమనేది. వెలుతురు కోసం అనుకున్న."

ఆ కిటికీలోంచి గేటు కనపడుతుందో లేదో నాకు తెలియదు. పోయి చూడను.

ఇంటికొచ్చి నాతో కూర్చుని తిన్నది. పప్పులో ఉప్పు ఎక్కువైందంది. ఎక్కువే అన్నాను.

నవంబరు 20

పుస్తకంలో ఆఖరి కాగితం. ఫెయిత్ కోసం రాసి పెడుతున్నాను. దీన్ని చదవొచ్చు. తక్కినవి కూడా చదువుకుంటే చదువుకో.

ఆర్డరు. కుడి సగం.
పేరు: పేతురు.
పుట్టింది: 1950 మార్చి 2.
పోయింది: 
మాట: బిలవ్డ్ హస్బెండ్ ఆఫ్ ప్రేమమణి.

ఈ మాట నిజం. ఇందులో నాకు అనుమానం లేదు. నేనుండను కాబట్టి యంత్రం మీదనే చెక్కించు, ఫర్వాలేదు. బి అంచుకు పోకుండా చూడు. రాయి సరిపోకపోతే వేరే రాయి తీసుకో.

మార్చొద్దు.